టర్బో కారుకు తగిన క్లచ్: ఎంపికలో పాటించవలసిన సూత్రాలు

విషయ ప్రవేశం

యంత్రాలలో కొన్ని భాగాలు సక్రమంగా పనిచేస్తున్నంత కాలం వాటి ఉనికి ఎవరికీ గుర్తుకు రాదు. మోటారు కారులోని క్లచ్ అటువంటిది. ఇంజనుకు పేరున్నది, చక్రాలకు రూపమున్నది. ఈ రెంటి నడుమ చీకటి పెట్టెలో దాగి, దినానికి వందల పర్యాయాలు విడిపోతూ, కలుస్తూ ఉండే ఆ గుండ్రని పలకను తలచుకొనేవారు అరుదు. అది జారడం ప్రారంభించిన నాడే యజమానికి దాని విలువ తెలిసివస్తుంది.

ఇటీవలి కాలంలో మన నగరాలలో టర్బో పెట్రోలు కార్లు విశేషంగా పెరిగాయి. వాటి ఇంజను శక్తిని ఇంకా పెంచుకోవాలన్న ఉత్సాహం యువకులలో కనిపిస్తున్నది. ఇంజను కంప్యూటరులోని లెక్కలను మార్చి శక్తిని పెంచడం కొన్ని గంటల పని. అయితే కొద్ది రోజులలోనే క్లచ్ జారుతుంది. అప్పుడు వారు అడిగే ప్రశ్న ఒక్కటే: "అన్నింటికంటె గట్టి క్లచ్ ఏది?" ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానం వెదికినవారు డబ్బు పోగొట్టుకోవడమే గాక, నడపడానికి కష్టమైన కారును ఇంటికి తెచ్చుకుంటారు. "నా ఇంజనుకూ, నేను తిరిగే దారికీ సరిపోయేది ఏది?" అని అడిగినవారికి మాత్రం లెక్కతో కూడిన సమాధానం దొరుకుతుంది. ఆ లెక్కను ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రం తెలిసిన విద్యార్థికి అర్థమయ్యే రీతిలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాదంతో తొక్కే క్లచ్, చేతితో మార్చే గేర్లు గల కార్లకే ఈ చర్చ పరిమితం.

టర్బో వల్ల మారేదేమిటి?

ఇంజను నుండి వెలువడే పొగలో వేడిమీ వేగమూ వృథాగా పోతుంటాయి. ఆ పొగతో ఒక చిన్న చక్రాన్ని తిప్పి, దాని ఇరుసుకు రెండవ కొసన మరొక చక్రాన్ని అమర్చి, దానితో గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపడమే టర్బోచార్జర్ చేసే పని. గాలి ఎక్కువైతే ఇంధనాన్ని ఎక్కువగా మండించవచ్చు. స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూకీ అనే ఇంజనీరు 1905లో ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు. తొలుత ఓడలలో, రైలింజన్లలో, విమానాలలో వాడిన ఈ సాధనం 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్, షెవర్లే సంస్థల కార్లలోకి ప్రవేశించింది. ఐరోపాలో 1973లో బి.ఎమ్.డబ్ల్యు. 2002 టర్బో వచ్చింది. ఈనాడు ఒక లీటరు ఇంజను గల చిన్న కార్లకు కూడా టర్బో ఉంటున్నది. పిట్ట కొంచెం, కూత ఘనం అన్న సామెత ఈ ఇంజన్లకు చక్కగా వర్తిస్తుంది.

ఇక్కడ విద్యార్థులు రెండు భావనలను వేరుచేసి చూడాలి. ఇరుసును మెలితిప్పే బలాన్ని టార్క్ అంటాము. ఒక సెకనులో జరిగే పనిని సామర్థ్యం అంటాము. టార్క్‌ను నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్యతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లలో సామర్థ్యం వస్తుంది. ఒక ఇంజను నిమిషానికి 2500 చుట్ల వద్ద 300 న్యూటన్-మీటర్ల టార్క్ ఇస్తే దాని సామర్థ్యం సుమారు 78 కిలోవాట్లు. మరొకటి 6000 చుట్ల వద్ద 225 న్యూటన్-మీటర్లు ఇస్తే 141 కిలోవాట్లు. రెండవది వేగంలో మేటి. కాని క్లచ్‌కు కఠినపరీక్ష పెట్టేది మొదటిదే. ఏలయనగా, పలక జారకుండా పట్టి ఉంచవలసినది టార్క్‌ను. హార్స్ పవర్‌ను కాదు. టర్బో ఇంజను తక్కువ చుట్ల వద్దనే, అదీ హఠాత్తుగా, తన గరిష్ఠ టార్క్‌ను అందిస్తుంది. అందుచేత ఎన్ని హార్స్ పవర్లు అన్న ఒక్క అంకెను చూసి క్లచ్ కొనేవారు కొలవవలసిన దానిని కొలవడం లేదు.

క్లచ్ నిర్మాణం, దాని లెక్క

ఇంజను క్రాంక్ షాఫ్ట్ చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. గేర్ బాక్సు ఇరుసుమీద క్లచ్ ప్లేటు ఉంటుంది. దానికి రెండు ప్రక్కల ఘర్షణ పదార్థం తాపడం చేసి ఉంటుంది. ప్రెషర్ ప్లేటు తన డయాఫ్రం స్ప్రింగు బలంతో ఆ పలకను ఫ్లైవీల్‌కేసి అదుముతుంది. పెడలు తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ఆ స్ప్రింగును నొక్కగా అదుముడు సడలి, ఇంజనూ చక్రాలూ విడిపోతాయి. పాదం తీయగానే తిరిగి కలుస్తాయి.

ఈ అమరిక ఎంత టార్క్‌ను మోయగలదో తెలిపే సూత్రం సులభమైనది:

టార్క్ పరిమితి = ఘర్షణ తలాల సంఖ్య × ఘర్షణ గుణకం × అదుముడు బలం × సగటు వ్యాసార్ధం

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఈ శతాబ్ది తొలి దశకంలో మన దేశంలో విక్రయమైన స్కోడా ఆక్టావియా ఆర్.ఎస్. కారులో 1.8 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను ఉండేది. దాని సామర్థ్యం సుమారు 150 హార్స్ పవర్, గరిష్ఠ టార్క్ 210 న్యూటన్-మీటర్లు. ఆ తరగతి కారుకు వెలుపలి వ్యాసం 225 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 150 మిల్లీమీటర్లు గల పలక ఉన్నదనుకుందాం. లెక్క సౌలభ్యం కోసం ఘర్షణ గుణకం 0.30, అదుముడు బలం 5000 న్యూటన్లు అనుకుందాం. ఇది సుమారు 510 కిలోల బరువుతో సమానం. సగటు వ్యాసార్ధం 0.09375 మీటర్లు. తలాలు రెండు. గుణిస్తే 281 న్యూటన్-మీటర్లు వస్తుంది. ఇంజను ఇచ్చేది 210. అనగా మూడవ వంతు మిగులు ఉన్నది. తయారీదారులు ఈ మిగులును దుబారాగా ఉంచరు. పలక అరిగినప్పుడు, వేడెక్కినప్పుడు, చోదకుడు తప్పుగా నడిపినప్పుడు కాపాడేది అదే.

ఇప్పుడు ఆ ఇంజను టార్క్‌ను 300కు పెంచారనుకోండి. 281 మోయగల పలక 300ను మోయలేదు. కాబట్టి జారుతుంది. ఇది తయారీ లోపం కాదు, గుణకారం చెప్పిన తీర్పు.

జారుడు, వేడి

క్లచ్ జారడం ఎల్లప్పుడూ దోషమే అనుకోరాదు. నిలిచి ఉన్న కారు కదలాలంటే, తిరుగుతున్న ఇంజనుకూ తిరగని చక్రాలకూ మధ్య కొంతసేపు జారుడు తప్పదు. ఆ జారుడును మృదువుగా నిర్వహించడం క్లచ్ మొదటి ధర్మం. పూర్తిగా కలిసిన తరువాత జారకుండా ఉండడం రెండవ ధర్మం. మొదటి ధర్మాన్ని విస్మరించి రెండవదానిని మాత్రమే చూసేవారే ఎంపికలో దారి తప్పుతారు.

సమతలమైన దారిమీద ఇంజను స్థిరవేగంతో, స్థిరమైన టార్క్‌తో కారును కదిలిస్తే, ఆ సమయంలో కారు సంపాదించిన గతిజ శక్తి ఎంతో, క్లచ్‌లో వేడిగా మారే శక్తి కూడా అంతే. 1400 కిలోల కారు గంటకు 15 కిలోమీటర్ల వేగం వద్ద జారుడు ముగిస్తే సుమారు 12 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. అదే 30 కిలోమీటర్ల వరకు జార్చితే 48 కిలోజౌళ్లు. వేగం రెట్టింపైతే వేడి నాలుగింతలు.

పూర్తిగా కలిసిన తరువాత జారితే పరిస్థితి మరింత ప్రమాదకరం. 300 న్యూటన్-మీటర్లు మోస్తూ నిమిషానికి 500 చుట్ల తేడాతో జారుతున్న పలకలో 15 కిలోవాట్లకు పైగా వేడి పుడుతుంది. ఇళ్లలో వాడే వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు పదిహేనింటిని ఆ ఇరుకు పెట్టెలో ఒకేసారి వెలిగించినట్లు ఊహించుకోవచ్చు. వేడివల్ల సాధారణ పలక ఘర్షణ గుణకం పడిపోతుంది. పై ఉదాహరణలో అది 0.30 నుండి 0.22కు తగ్గితే, 281 కాస్తా 206 అవుతుంది. అప్పుడు ఇంజను మొదటి టార్క్ అయిన 210ని కూడా అది మోయలేదు. జారుడు వేడిని, వేడి మరింత జారుడును పెంచుతాయి. కాలిన వాసన వచ్చిన క్లచ్‌ను వెంటనే చల్లారనివ్వాలని మన ఉస్తాదులు చెప్పే మాటకు మూలం ఇదే.

బలం పెంచే నాలుగు మార్గాలు

సూత్రంలో నాలుగు రాశులున్నాయి. కనుక మార్గాలూ నాలుగే. ఏ వ్యాపారి ఏ పేరు పెట్టి అమ్మినా, అతడు మార్చేది వీటిలో ఏదో ఒకటి, లేదా కొన్ని.

మొదటిది వ్యాసార్ధం. పలకను పెద్దది చేస్తే చాలు. కాని గేర్ బాక్సు పెట్టె లోపలి చోటు పరిమితం. 225 బదులు 240, 150 బదులు 160 మిల్లీమీటర్ల పలక పట్టినా, 281 నుండి 300కు మాత్రమే చేరుతాము.

రెండవది అదుముడు బలం. గట్టి స్ప్రింగు గల ప్రెషర్ ప్లేటు వేయడం. దీని మూల్యాన్ని ఎడమకాలు చెల్లిస్తుంది. మెహిదీపట్నం నుండి చార్మినార్ వరకు సాయంకాలపు రద్దీలో ఎన్నిసార్లు పెడలు తొక్కాలో లెక్కించుకుంటే ఆ మూల్యం తెలుస్తుంది. అంతేకాదు, పెడలు తొక్కిన ప్రతిసారీ క్రాంక్ షాఫ్ట్‌ను ఒక ప్రక్కకు నెట్టే బలం కూడా పెరుగుతుంది. ఆ నెట్టుడును భరించే థ్రస్ట్ బేరింగు త్వరగా అరిగిపోవచ్చు. అది అరిగితే మరమ్మత్తు క్లచ్‌తో ఆగదు, ఇంజను విప్పవలసి వస్తుంది.

మూడవది ఘర్షణ గుణకం. అనగా పలకమీది పదార్థాన్ని మార్చడం. దీనిని గురించి తరువాతి భాగంలో వివరిస్తాను.

నాలుగవది తలాల సంఖ్య. రెండు పలకలు వేస్తే తలాలు నాలుగవుతాయి. పై అంకెలతోనే పరిమితి 562కు చేరుతుంది. స్ప్రింగును మెత్తగానే ఉంచుకోవచ్చు. కాని ఖరీదు ఎక్కువ, అమరిక క్లిష్టం. పెడలు తొక్కినప్పుడు గలగలమనే శబ్దం చేసేవీ ఉన్నాయి. మితిమీరి శక్తి పెంచిన కార్లకే ఇది సార్థకం.

మన ఉదాహరణలో 300 న్యూటన్-మీటర్లకు 30 శాతం మిగులు కావాలంటే పరిమితి 390 ఉండాలి. స్ప్రింగు ఒక్కదానితోనే సాధించాలంటే అదుముడు బలం 6900 న్యూటన్లు దాటాలి. పదార్థం ఒక్కదానితోనే సాధించాలంటే గుణకం 0.41 దాటాలి. రెండూ రోజువారీ వాడుకకు ఇబ్బందికరమే. రెండింటినీ కొంత కొంత పెంచి చూద్దాం: బలం 6000, గుణకం 0.35. గుణిస్తే 394 వస్తుంది. లక్ష్యం నెరవేరింది, కాలూ బ్రతికింది. వీధి కారుకు ఇదే సరైన మార్గం.

ఘర్షణ పదార్థాలు

ఆర్గానిక్ అని పిలిచే సాధారణ పదార్థంలో గాజునార, రాగి లేక ఇత్తడి తీగ, రెజిన్ వంటివి కలిసి ఉంటాయి. ఇది మృదువుగా కలుస్తుంది, ఫ్లైవీల్‌ను త్వరగా అరగదీయదు. అధికమైన వేడిని మాత్రం సహించలేదు. ఒక మోస్తరుగా శక్తి పెంచిన కారుకు మేలురకం ఆర్గానిక్ పలక, కొంచెం గట్టి స్ప్రింగు చాలును.

కెవ్లార్ నారతో చేసిన పలక చాలాకాలం మన్నుతుంది, మృదువుగానూ ఉంటుంది. కాని క్రొత్తగా బిగించినప్పుడు దానిని మచ్చిక చేసుకోవడానికి ఎక్కువ దూరం ఓపికగా నడపాలి. ఒకసారి అతిగా వేడెక్కి నునుపుదేరితే తిరిగి పూర్వపు పట్టు రావడం కష్టం.

సిరామిక్, లోహపు పొడుల మిశ్రమాన్ని ముద్దలుగా అతికించిన పలకలు ఎంతో వేడిని తట్టుకుంటాయి, గట్టిగా పట్టుకుంటాయి. కాని వాటికి రెండే స్థితులు: పట్టడం, వదలడం. మధ్యస్థితి దాదాపు లేదు. కదిలేటప్పుడు కారు వణుకుతుంది, కుదుపు ఇస్తుంది. శ్రీశైలం ఘాట్ రోడ్డులో, ఎదుట లారీ ఆగి ఉండగా, ఎత్తుమీద కారును అంగుళం అంగుళంగా కదిలించవలసి వచ్చినప్పుడు ఇటువంటి క్లచ్ చోదకుని నిగ్రహాన్ని పరీక్షిస్తుంది. ఇనుపపొడిని కాల్చి గట్టిపరచిన పలకలు పందెపు కార్లకు చెందినవి. వాటితో మనకు పని లేదు.

పలక నడుమ చిన్న స్ప్రింగులు ఉన్నదా లేదా అన్నది కూడా చూడాలి. ఇంజను ఇచ్చే కుదుపులను అవి మింగి గేర్లను కాపాడతాయి. ఫ్లైవీల్‌లో కూడా స్ప్రింగులు లేనప్పుడు, స్ప్రింగులు లేని గట్టి పలకను వీధి కారులో వేయరాదు.

ఫ్లైవీల్ సంగతి

నేటి కార్లలో చాలవాటికి రెండు భాగాలుగా చేసి, మధ్య స్ప్రింగులు అమర్చిన ఫ్లైవీల్ ఉంటుంది. టార్క్ పెరిగితే ఆ స్ప్రింగులూ అలసిపోతాయి. దానిని తీసి ఒకే ముద్దగా ఉండే ఫ్లైవీల్ వేయడం పలువురి అలవాటు. దానివల్ల దృఢత్వం వస్తుంది గాని, ఖాళీగా నిలిచినప్పుడు గేర్లు గలగలలాడడం సామాన్యం. మరీ తేలికైనది వేస్తే ఇంజను చురుకుగా లేస్తుంది. అయితే కదిలేటప్పుడు సాయపడే నిలువ శక్తి తగ్గి, ఇంజను తరచుగా ఆగిపోతుంది. ఏది ఉంచినా, పాత ఫ్లైవీల్ తలంపై నీలిరంగు మచ్చలు, సన్నని పగుళ్లు ఉన్నవేమో చూసి, అవసరాన్ని బట్టి సాపు చేయించాలి, లేదా మార్చాలి. చెడిన తలంమీద క్రొత్త పలక వేయడం బూజు పట్టిన గోడకు సున్నం వేయడం వంటిది.

కొనడానికి ముందు

ఒకటి: జారుడుకు కారణం నిజంగా బలహీనతేనా? క్రాంక్ షాఫ్ట్ వెనుక సీలు నుండి కారిన ఆయిలు పలకపై పడినా జారుతుంది. పెడలు పూర్తిగా వెనుకకు రాకపోయినా, చోదకుడు పాదాన్ని ఎల్లవేళలా పెడలుపై ఆనించి ఉంచినా జారుతుంది. వీటిని సరిచేయక క్రొత్త క్లచ్ వేస్తే అదీ అదే గతి పడుతుంది.

రెండు: టార్క్‌ను ఎక్కడ కొలిచారు? చక్రాల వద్ద కొలిచినది ఇంజను వద్ద ఉన్నదానికంటె తక్కువగా వస్తుంది. చక్రాల వద్ద 255 అని వచ్చి, మధ్యలో 15 శాతం నష్టమైనదనుకుంటే, ఇంజను వద్ద ఉన్నది 300. క్లచ్ మోయవలసినది ఈ 300ను.

మూడు: అమ్మేవారి అంకె ఏ కొలమానంలో ఉన్నది? ఒక పౌండ్-అడుగు 1.356 న్యూటన్-మీటర్లకు సమానం. 300 పౌండ్-అడుగులు అంటే 407 న్యూటన్-మీటర్లు. ఈ తేడా గమనించక తక్కువదో, మరీ ఎక్కువదో కొనేవారున్నారు. "స్టేజ్ 1", "స్టేజ్ 2" అనే పేర్లకు అందరూ అంగీకరించిన ప్రమాణమేదీ లేదు. పేరును విడిచి అంకెను అడగాలి.

నాలుగు: మిగులు ఎంత? వీధి కారుకు నిజమైన గరిష్ఠ టార్క్ కంటె 20 నుండి 30 శాతం అధికం చాలును. రెట్టింపు కొనడం వివేకం కాదు. ఇంట్లో విద్యుత్తు అధికమైతే ఫ్యూజు కాలి, మిగిలిన తీగలను కాపాడుతుంది. క్లచ్ కూడా కొంతవరకు అటువంటి ఫ్యూజే. అది ఎన్నటికీ జారకపోతే ఆ కుదుపు గేర్ పళ్లమీద, చక్రాల ఇరుసులమీద పడుతుంది. క్లచ్‌ను మించిన ఖర్చు అక్కడ కాచుకొని ఉంటుంది.

ఐదు: చట్టం. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నిషేధిస్తున్నది. శక్తి పెంచే ముందే ఈ సంగతినీ, బీమా, వారంటీ షరతులనూ చదివి చూసుకోవాలి. శక్తిని పెంచినవారు బ్రేకులనూ టైర్లనూ పట్టించుకోకపోతే, క్లచ్ ఎంత మంచిదైనా ప్రయోజనం లేదు.

బిగించేటప్పుడు, తరువాత

క్రొత్త పలకపై చేతి జిడ్డు గాని, గ్రీజు గాని తగలరాదు. రిలీజ్ బేరింగును కూడా అప్పుడే మార్చాలి. దానిని మాత్రం మార్చడానికి మరల గేర్ బాక్సు దింపడం ఎవరికీ ఇష్టం ఉండదు. బిగించిన తరువాత సుమారు 800 కిలోమీటర్ల వరకు పూర్తి శక్తిని వాడక, ఊరిలో మెల్లగా, ఆగుతూ కదులుతూ నడపాలి. తలాలు రెండూ ఒకదానికొకటి ఒదిగేది ఈ సమయంలోనే. సిగ్నలు వద్ద, ఎత్తుల మీద హాఫ్ క్లచ్‌తో కారును నిలబెట్టే అలవాటును మానుకోవాలి. హ్యాండ్ బ్రేకు ఉన్నది అందుకే.

మరొక ముఖ్యమైన హెచ్చరిక. పాత క్లచ్ పలకలలో ఆస్బెస్టాస్ వాడేవారు. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరితే ఏండ్ల తరువాత ప్రాణాంతక వ్యాధులు రావచ్చు. ఏ పలకలో ఏమున్నదో చూపుతో తెలియదు. కావున పాత క్లచ్ విప్పినప్పుడు గాలి గొట్టంతో ధూళిని ఊదడం ఎంతమాత్రం తగదు. తడిగుడ్డతో తుడవాలి, ముక్కుకు తగిన మాస్కు కట్టుకోవాలి. గ్యారేజీలలో ఈ పని సాధారణంగా అందరికంటె చిన్నవాడైన సహాయకుడికి అప్పగిస్తారు. ఈ ఒక్క వాక్యం అతనికి చేరినా ఈ వ్యాసం సార్థకమైనట్లే.

ముగింపు

ఎంత చెట్టుకు అంత గాలి అన్నారు మన పెద్దలు. క్లచ్ ఎంపికకు ఇంతకంటె పొందికైన సూత్రం లేదు. ఉర్దూలో మియానారవీ అని చక్కని మాట ఉన్నది. అతికి పోక, లోటు చేయక, నడిమి బాటన నడవడమని దాని భావం. టార్క్‌ను కొలిచి, నాల్గవ వంతు మిగులు కలిపి, తాను తిరిగే దారిని తలచుకొని, ఆ హద్దులో అన్నింటికంటె మృదువైనదానిని ఎంచుకొనేవాడు మోసపోడు.

మన విద్యార్థులలో ఘర్షణ గుణకం నిర్వచనాన్ని తప్పులేకుండా అప్పగించేవారు ఎందరో ఉన్నారు. బస్తీ గ్యారేజీలలో పలకను వ్రేలితో తాకి దాని ఆయువు చెప్పగల పిల్లలూ ఉన్నారు. ఒకే ఇంటిలో అన్న గ్యారేజీలో, తమ్ముడు కళాశాలలో ఉండడం మనకు క్రొత్త కాదు. కాని తమ్ముని పుస్తకం అన్న చేతికి, అన్న చేతి నేర్పు తమ్ముని పుస్తకానికి చేరడం లేదు. పాత సామానుల దుకాణంలో అరిగిన క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు తక్కువ ధరకే లభిస్తాయి. వాటిని కొని, శుభ్రపరచి, భౌతికశాస్త్ర ప్రయోగశాల బల్లపై ఉంచి, ప్రక్కన పై సూత్రాన్ని తెలుగులోనూ ఉర్దూలోనూ వ్రాయించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. విద్యార్థి స్కేలుతో ఆ పలక వ్యాసార్ధాన్ని తానే కొలిచి, టార్క్‌ను తానే లెక్కించిననాడు, ఘర్షణ అన్నది అతనికి పరీక్షలో వచ్చే రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోదు.